ఏ ఎలుక?

శనివారం ఉదయం మా మనవరాలు భోజనాల బల్ల ముందు నిలబడి, తన పరిశోధనకు తానే మర్యాదగా తాళం వేయడం ఎలాగో సాధన చేస్తున్నది. శ్రోతలం ఇద్దరమే. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని వింటున్నాను. నా భార్య బఠాణీలు ఒలుస్తూ వింటున్నది.

సోమవారం నాడు మా మనవరాలు పని చేసే ప్రయోగశాలకు సమీక్షా సంఘం వస్తుంది. ఆ సంఘంలో శాస్త్రజ్ఞులతో పాటు శాస్త్రంతో ఏ సంబంధమూ లేని పెద్దలు కూడా ఉంటారు కనుక, ప్రతి పరిశోధకుడూ తన పనిని అందరికీ అర్థమయ్యే తెలుగులో కొద్ది నిమిషాలు వివరించాలని ప్రయోగశాల అధిపతి అయిన పెద్ద మేడమ్ గారి నియమం. మిగిలినవారు తాము సాధించినది చెబుతారు. మా పిల్ల మాత్రం తాను సాధించలేకపోయినది చెప్పి, ఈ పని ఇంతటితో ఆపుతున్నామని ప్రకటించి కూర్చోవాలి. శుక్రవారం సాయంత్రం మేడమ్ తన గదిలోకి పిలిచి ఆ సంగతి తెలియజేశారట.

“ఆపేశామని నేను చెప్పేకంటే నువ్వే చెబితే గౌరవంగా ఉంటుందమ్మా” అన్నారట.

గౌరవంగా చెప్పే ఆ వాక్యాలనే మా పిల్ల ఇప్పుడు వల్లె వేస్తున్నది.

నేను జీవితమంతా కళాశాలలో ఆంగ్లం బోధించి విరమించినవాడను. జీవకణాలతో నా పరిచయం నా శరీరం వరకే. అయితే మా అమ్మాయి ఉద్యోగం వేరే ఊళ్ళో కావడం వల్ల, దాని కూతురు మా ఇంట్లోనే ఉండి పరిశోధన చేసుకుంటున్నది. పూలతో పాటు దారానికి కూడా వాసన అబ్బినట్టు నాకూ కొంత శాస్త్రం అబ్బింది. అబ్బినంతవరకు చెబుతాను.

మనిషి శరీరంలోని ప్రతి కణానికీ చుట్టూ ఒక సన్నని పొర ఉంటుంది. ఇంటికి గోడ ఎలాగో కణానికి అది అలాగ. ఆ పొరను అంటిపెట్టుకుని అనేక ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాని అసలు పేరు కొన్ని అక్షరాలూ కొన్ని అంకెలూ కలిసి, పలికితే రైలు నంబరులా వినిపిస్తుంది. మా పిల్ల దానికి గొళ్ళెం అని ముద్దుపేరు పెట్టుకున్నది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండపు కణాలలో ఈ గొళ్ళెం గోడకు లోపలి వైపే ఉంటుందనీ, కణం జబ్బుపడినప్పుడు అది గోడ బయటికి వచ్చి వేలాడుతుందనీ ఆమె వాదం. బయట వేలాడుతూ ఉంటే ఏనాటికైనా ఒక మందు దానిని పట్టుకోగలదు. లోపల ఉంటే మందుకు అందదు. ఆ గొళ్ళెం లోపలా బయటా అన్న ఒక్క ప్రశ్న మీద ఆమె తన వయసులోని మంచి సంవత్సరాలను పెట్టింది.

ఇక దానిని చూసే విధానం. యాంటీబాడీ అనే పదార్థాన్ని పరిశోధన కోసం జంతువుల సహాయంతో తయారు చేస్తారు. అది వేలకొద్దీ ప్రొటీన్ల మధ్య గొళ్ళేన్ని మాత్రమే వెతికి పట్టుకుంటుంది. అయితే దానికి స్వయంగా వెలుగు లేదు. అందుచేత, దానిని పట్టుకునే రెండవ యాంటీబాడీ ఒకదానికి రంగుదీపం తగిలించి వెనకాలే పంపుతారు. దొంగను ఒక పోలీసు పట్టుకుంటే, టార్చిలైటు ఉన్న మరొక పోలీసు వచ్చి ఆ మొదటి పోలీసును పట్టుకున్నట్టు. మొదటిది ఏ జంతువుకు చెందినదో ఆ ఆనవాలును బట్టే రెండవది దానిని గుర్తుపడుతుంది. పొరకు రంధ్రాలు చేయకుండా ఈ రెంటినీ కణాల మీద పోస్తే, లోపల ఉన్నదాని దగ్గరికి అవి వెళ్ళలేవు. బయట ఉన్నది మాత్రమే వెలుగుతుంది. అప్పుడు మైక్రోస్కోపులో కణం చుట్టూ పచ్చని ఉంగరం కనిపిస్తుంది.

ఆ ఉంగరాన్ని మా పిల్ల మొదట్లో ఎన్నోసార్లు చూసింది. కొంతకాలంగా అది పండగ చుట్టంలా తయారైంది. వస్తే ఒకనాడు వస్తుంది, రాకపోతే వారమంతా రాదు. రసాయనాలు మార్చింది, కణాలు మార్చింది, చివరికి తన చేతులనే అనుమానించింది. “ఒకసారి కనిపించి ఒకసారి కనిపించనిది నిజం కాదమ్మా, అదృష్టం” అని మేడమ్ తేల్చేశారు.

“అందరికీ నమస్కారం” అని మొదలుపెట్టింది మళ్ళీ.

“ఆగు” అన్నాను. “నువ్వు నమస్కారం అంటున్నా, వినేవాళ్ళకు సెలవు అన్నట్టే ఉన్నది.”

“సెలవే కదా తాతయ్యా చెప్పేది! పొద్దున్నుంచి మీరు నన్ను నమస్కారం దాటనివ్వలేదు.”

“దాన్ని చెప్పనివ్వండీ” అన్నది నా భార్య. “మీ క్లాసులో పిల్లలు ఎలా బతికి బయటపడ్డారో గానీ.”

“సరే. కానివ్వు.”

“అందరికీ నమస్కారం. మనిషి కణం పొర మీద ఉండే ఒక ప్రొటీన్‌ని గుర్తించడానికి నేను ఎలుక యాంటీబాడీని వాడాను. దాన్ని పట్టుకోవడానికి మేకలో తయారైన, ఎలుకని గుర్తుపట్టే రెండో యాంటీబాడీ...”

“ఏ ఎలుక?” అన్నాను.

“ఏ ఎలుకేంటి తాతయ్యా? దానికి పేరు కూడా పెట్టాలా?”

“పేరు పెట్టమనలేదు. జాతి చెప్పమన్నాను. ఆంగ్లంలో మనలాగా రెంటినీ ఒకే గాటన కట్టరు. పెద్దది రాట్, చిన్నది మౌస్. సంఘంలో ఒకాయన లేచి అడిగాడనుకో, ఏం చెబుతావు? నీది ఏది?”

“నాది రాట్. అడగరు లెండి.”

“అడగకపోయినా మాట సరిగ్గా ఉండాలి. రాట్ అయితే ఎలుక అను. మౌస్ అయితే చిట్టెలుక అనాలి.”

“చిట్టెలుక ఏమిటండీ, పద్యం చెబుతున్నట్టు!” అన్నది నా భార్య బఠాణీల పళ్ళెం లోంచి తల ఎత్తకుండా. “దాన్ని చుంచు అంటారు.”

“చుంచు అన్న మాటకు నిఘంటువులో వేరే అర్థాలు కూడా...”

“మీ నిఘంటువు ఎప్పుడైనా ఎలుకల్ని పట్టిందా? నేను పట్టాను. చుంచు వేరు, ఎలుక వేరు, పందికొక్కు వేరు. చుంచు కోసం పెట్టిన బోనులో ఎలుక పడదు. తల కూడా పట్టదు దానికి.”

ఈ వాదం మా ఇంట్లో ఇంకా చాలాసేపు సాగవలసినదే. కానీ మా మనవరాలు మా ఇద్దరి వంకా చూడడం మానేసి, ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నది.

“అమ్మమ్మా, ఇందాక అన్నది మళ్ళీ చెప్పు.”

“ఏది? తల పట్టదనా?”

“మా ఫ్రిజ్‌లో డబ్బా ఉంటుంది” అన్నది మెల్లగా. “దాన్నిండా చిన్న చిన్న ట్యూబులు. మూతల మీద ఏం రాసుంటుందో తెలుసా? ఎలుక. అంతే. ఎలుక, ఎలుక, ఎలుక.”

దీనికి కొంత వివరణ అవసరం. వెనకటికి ఆ ప్రయోగశాలలో ఎవరికి తోచిన పొట్టి అక్షరాలు వాళ్ళు ట్యూబుల మీద గీకేవారట. రాసినవాడు ఉద్యోగం మారితే అందులో ఏమున్నదో ఆ భగవంతుడికి కూడా తెలిసేది కాదట. విసిగిపోయిన మేడమ్, ఇకమీదట ప్రతి మూత మీద పొట్టి అక్షరాలు కాకుండా నిండు తెలుగు మాట రాయాలని శాసించారు. శాసనం ఎంతో సవ్యమైనది. సామాను గది చూసే ఉద్యోగి, అక్కడందరూ భాండాగారం అని పిలిచే ఆయన, దానిని అక్షరాలా పాటిస్తున్నాడు. పెద్ద సీసాలలో వచ్చిన సరుకును చిన్న ట్యూబులలోకి పంచి, మూత మీద గుండ్రని అక్షరాలతో కుందేలు, మేక, ఎలుక అని రాస్తాడు.

“మా దగ్గర మిగతా అందరూ వాడేది మౌస్” అన్నది మా పిల్ల. “రాట్ నాదొక్కదానిదే. మౌస్‌ని పట్టే దీపం నా రాట్‌ని పట్టదు. ఇదివరకు నా సీసా నా దగ్గరే ఉండేది. అది అయిపోయాక ఆయన్ని అడిగాను, అన్నా, ఎలుకది తెప్పించు అని. తాతయ్యా, నేను అడిగింది ఎలుకదే! ఆయన ఇచ్చింది కూడా ఎలుకదే!”

“ఇందులో నీ తప్పు గానీ ఆయన తప్పు గానీ...”

అప్పటికే ఆమె స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నది. నేను కూడా వస్తానన్నాను. ఆ ఎలుకను మొదట ప్రశ్నించినవాడిని కనుక అది ఏదో తేలేటప్పుడు దగ్గర ఉండాలనిపించింది.

“కొంగు పట్టుకుని కూర్చోవడానికి నాకు కొంగు లేదు, జాగ్రత్తగా పట్టుకోండి” అని నన్ను వెనక కూర్చోబెట్టుకున్నది. హెల్మెట్ నా చెవులను నొక్కుతున్నందున దారిలో ఆమె చెప్పినది సగమే వినిపించింది. వినిపించిన సగమంతా ఎలుకలే.

ప్రయోగశాల మూడంతస్తుల పాత భవనం. సెలవు రోజు కావడంతో నడవలో దీపాలు సగం ఆర్పి ఉన్నాయి. స్పిరిట్ వాసన, ఫ్రిజ్‌ల రొద. నాకు ఒక తెల్ల కోటు తొడిగించారు. ఎవరిదో గానీ మోచేతుల దగ్గరే ఆగిపోయింది. లోపల ఒక పొడుగాటి యువకుడు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులోకి చూస్తూ తనలో తాను గొణుక్కుంటున్నాడు. ఇతడిని మా ఇంట్లో సందేహం అంటారు. ఏది చెప్పినా “నాకో సందేహం” అంటూ మొదలుపెట్టడం వల్ల మా పిల్ల పెట్టిన పేరు అది. ఆమె కంటే కొంచెం సీనియర్. ఆమె పని ఆగిపోతే మైక్రోస్కోపు మీద ఆమెకున్న సమయమంతా ఇతడికి వస్తుంది. ఈ విషయం కూడా మా ఇంట్లో తరచు ప్రస్తావనకు వస్తుంది.

“ఏంటి, పెద్దవాళ్ళని తీసుకొచ్చావు? నా మీద ఫిర్యాదా?” అన్నాడు లేచి నాకు కుర్చీ జరుపుతూ.

ఆమె ఫ్రిజ్ తెరిచి డబ్బా బయటికి తీసి, భాండాగారానికి ఫోన్ చేసింది. ఆయన క్షౌరశాలలో ఉన్నాడట. కత్తెర చప్పుడు మాకు కూడా వినిపించేలా ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

“అన్నా, మేకలో తయారైనవి, ఎలుకని గుర్తుపట్టేవి రెండు రకాలు వచ్చాయా?”

“వచ్చాయమ్మా. రెండు సీసాలు. రెండూ పంచి ఒక్క డబ్బాలోనే సర్దా, మీరు వెతుక్కునే పని లేకుండా.”

“మూతల మీద ఏం రాశావు?”

“ఎలుక అని రాశా. మేడమ్ చెప్పారు కదా తెలుగులో రాయమని.”

“రెంటి మీదా అదేనా?”

“రెండూ ఎలుకలే కదమ్మా!”

ఆ వాక్యంలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. రెండూ ఎలుకలే.

“ఆ పెద్ద సీసాలు ఉన్నాయా?”

“ఖాళీవి దేనికమ్మా, పారేశా. ఏమైంది? ఏదైనా ప్రమాదమా? నేను సగం గుండుతో ఉన్నా, ఇట్లాగే వచ్చేయనా?”

“వద్దన్నా, పూర్తి చేయించుకో” అని ఫోన్ పెట్టేసింది.

సందేహం తన స్టూలు దగ్గరే నిలబడిపోయి ఉన్నాడు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా పెదవులు కదుపుతున్నాడు.

“మీకు కూడా ఆరిపోతున్నాయా?” అని అడిగింది మా పిల్ల.

“ఏవి?”

“మీ స్లైడ్లు, సందేహం గారూ. వెలగాల్సినవి వెలగడం లేదా?”

“అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడు అంటే?”

“నీకెందుకు?”

“నాకే కదా కావాలి!”

అతడు కాసేపు కోటు జేబులో చేతులు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. “నెలకి పైగానే. లెన్సు పాడైందేమో అనుకున్నా. రోజూ తుడుస్తున్నా దాన్ని.”

“మరి ఒక్క మాట చెప్పలేదే?”

“నువ్వు చెప్పావా? నీవి వెలగడం లేదని ఊరంతా నవ్వుతుంటే నావి కూడా వెలగడం లేదని నేనెట్లా చెప్తాను? నీ చేతులు మంచివి కావని మేడమ్ అన్నప్పుడు, అమ్మయ్య, నన్ను అనలేదు అనుకున్నా.”

“ఎంత మంచి మనసండీ మీది.”

“అనవే, అను. ఇవాళ నీ రోజు.”

ఇక ఏ ట్యూబులో ఏ ఎలుక ఉన్నదో తేల్చాలి. ద్రవమంతా ఒకటే రంగు, మూతలన్నిటి మీద ఒకటే మాట. వాళ్ళిద్దరూ చేసిన పద్ధతి నాకు నచ్చింది కనుక చెబుతాను. తెల్లని సన్నని పొరకాగితాన్ని పట్టీలుగా కత్తిరించారు. ప్రతి పట్టీ మీద ఎడమ వైపున మా పిల్ల రాట్ యాంటీబాడీ ఒక చుక్క, కుడి వైపున సందేహం గారి మౌస్ యాంటీబాడీ ఒక చుక్క వేశారు. తర్వాత పట్టీలను పాలపొడి కలిపిన నీళ్ళలో ఊగించారు. కాగితానికి అనవసరమైనది అంటుకోకుండా పాలు అడ్డుపడతాయట. ఆ తర్వాత ఒక్కొక్క పట్టీ మీద ఒక్కొక్క ట్యూబులోని దీపపు యాంటీబాడీ పోసి, కడిగి, చీకటి పెట్టెలో పెట్టి ఫోటో తీశారు. ఎడమ చుక్క వెలిగితే ఆ ట్యూబు రాట్‌ను గుర్తుపట్టేది, కుడి చుక్క వెలిగితే మౌస్‌ను గుర్తుపట్టేది.

తెర మీద ఫోటో వచ్చింది. కొన్ని పట్టీలకు ఎడమ కన్ను, కొన్నిటికి కుడి కన్ను. రెండు కళ్ళూ ఉన్నది ఒక్కటీ లేదు.

“కన్ను కొడుతున్నాయి మనల్ని చూసి” అన్నాడు సందేహం.

మా పిల్ల నవ్వలేదు. ట్యూబులను రెండు గుంపులుగా విడదీసి, రాట్ గుంపును ఐసులో పెట్టి, కుర్చీలో కూలబడింది. నాకు ఆశ్చర్యం వేసింది.

“ఏమ్మా? దొంగ దొరికాడు కదా?”

“ఇన్నాళ్ళూ నాకు సాకు ఉంది తాతయ్యా, తెలియకపోయినా ఉంది. ఇప్పుడు పోయింది. సరైన ట్యూబుతో చేశాక కూడా ఉంగరం రాకపోతే? మొదట్లో చూసింది నా భ్రమ అని తేలితే?”

“తేలితే తేలనీ” అన్నాడు సందేహం. “ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం కంటే నయం కదా. కణాలు తియ్యి.”

“మీకు సరదాగానే ఉంటుంది. రాకపోతే మైక్రోస్కోపు మీదే.”

“అవును, నాదే. అందుకే అంటున్నా, నన్ను చూడనివ్వు. నువ్వు చూస్తే లేని ఉంగరం కూడా కనిపిస్తుంది నీకు. నాకు ఉన్నది కూడా కనిపించదు.”

ఆమె అతడిని కొంతసేపు పరీక్షగా చూసి లేచింది.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు పని చేశారు. నేను మూలన కూర్చుని, గోడ మీద “ఇచట తినరాదు” అన్న ప్రకటనను గౌరవిస్తూ, నడవలోకి వెళ్ళి బిస్కట్లు తిని వచ్చాను. మా పిల్ల జబ్బు కణాలు ఉన్న స్లైడ్లు, ఆరోగ్యంగా ఉన్నవి, మొదటి యాంటీబాడీ అసలు వేయకుండా రెండవది మాత్రమే వేసినవి, మూడు రకాలూ సిద్ధం చేసింది. దేని మీద ఏమున్నదో కనబడకుండా పైన టేపు అంటించి, కలిపేసి, సందేహం చేతిలో పెట్టి, గది అవతలి కొసకు వెళ్ళి వీపు తిప్పి నిలబడింది. అక్కడ చేతులు కడిగే తొట్టి తప్ప ఏమీ లేదు. ఆ తొట్టినే చూస్తూ నిలబడింది.

అతడు మొదటి స్లైడు పెట్టి చాలాసేపు చూశాడు. రెండవది పెట్టి ఇంకా ఎక్కువసేపు చూశాడు.

చివరికి స్లైడ్లను మూడు వరసలుగా పేర్చి, “ఈ వరసలో ఉంగరాలు” అన్నాడు. “ఈ వరసలో లేవు, కాస్త మసక వెలుగు, అంతే. ఇందులో అసలేమీ లేదు. టేపులు పీకి చూసుకో.”

ఆమె వచ్చి టేపులు పీకింది. ఉంగరాల వరసలోనివన్నీ జబ్బు కణాలే. ఒక్కటి కూడా పక్కకు పోలేదు.

“నాకో సందేహం” అన్నాడు అతడు.

“ఇంకా ఏంటండీ!”

“ఇదొక్కటీ చాలదు. రేపు కొత్త కణాలతో మళ్ళీ చేద్దాం. ఈసారి టేపులు కూడా నువ్వు అంటించకు, మీ తాతగారు అంటిస్తారు.”

అలాగే జరిగింది. ఆదివారం నాడు టేపులు అంటించే గౌరవం నాకు దక్కింది. ఒక్కటి కూడా వంకరగా అంటించలేదు. ఫలితం శనివారం వచ్చినదే వచ్చింది. మా పిల్ల మేడమ్ గారికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది. ఆవిడ అంతా విని, “నాకు చెప్పావు, బాగుంది. రేపు సంఘానికి చెప్పు. వాళ్ళు నమ్మితే నేనూ నమ్ముతా” అని మాత్రం అన్నారట. తాళం పూర్తిగా తీయలేదు, వేయనూ లేదు.

రాత్రి భోజనాల దగ్గర నా భార్య సంగతంతా విని, “పిల్లికి ఎలుక సాక్ష్యం అని విన్నాం గానీ, ఎలుకకి పిల్లి సాక్ష్యం ఎక్కడా వినలేదమ్మా” అన్నది. “అతను రేపు నోరు తెరిచి నీ వైపు చెప్తాడా?”

“తెలీదు అమ్మమ్మా.”

సోమవారం సమావేశానికి సామాన్య శ్రోతలుగా మమ్మల్ని కూడా రానిచ్చారు. నా భార్య మొదటి వరసలో కూర్చోవాలని పట్టుబట్టింది. సంఘంలో ఐదారుగురు ఉన్నారు. వారిలో ఒకావిడ వంతెనలు కట్టే ఇంజినీరు. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎవరు ఏది చెప్పినా “అది విరిగేదెప్పుడు?” అన్నట్టు చూసేది.

మా మనవరాలు లేచి నమస్కారం పెట్టింది. ఈసారి అది నమస్కారంలాగే ఉన్నది. గొళ్ళెం కథ చెప్పింది. ఇద్దరు పోలీసుల పోలికను నా అనుమతి లేకుండా వాడుకున్నది. ఉంగరాల బొమ్మలు తెర మీద చూపించి, ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, అవి వారాల తరబడి ఎందుకు ఆరిపోయాయో చెప్పింది. రెండు జంతువులు, ఒక్క మాట, ఒకే రకం మూతలు. సభలో ఒకరిద్దరు నవ్వారు. సంఘాధ్యక్షుడు, “కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట” అన్నాడు.

“రెండు ఎలుకల్ని పట్టామండీ” అన్నది మా పిల్ల.

ఇంజినీరమ్మ నవ్వలేదు. “నాకు మీ శాస్త్రం తెలియదు గానీ లెక్క తెలుసు” అన్నది. “శుక్రవారం దాకా ఆరిపోయింది. మేము సోమవారం వస్తామనగా శనివారం వెలిగింది. మీకు కావాలి కాబట్టి వెలిగిందని మేమెందుకు అనుకోకూడదు?”

“అనుకోవాలండీ. నేనైనా అలాగే అనుకుంటాను” అన్నది మా పిల్ల. బొమ్మలు మార్చే రిమోట్‌ను బల్ల మీద పెట్టింది. “అందుకే నేను చూడలేదు. ఆయన చూశారు.”

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. సందేహం లేచి నిలబడ్డాడు.

“ఈ అమ్మాయి పని ఆగిపోతే మీకేమైనా లాభమా?” అని అడిగింది ఇంజినీరమ్మ.

“లాభమేనండీ. మైక్రోస్కోపు నాకొస్తుంది.”

“మరి?”

అతడు మా పిల్ల వంక గానీ మేడమ్ వంక గానీ చూడలేదు. “ఉంగరం ఉందండీ. లేదని చెప్పడానికి రెండు రోజులూ నా శాయశక్తులా ప్రయత్నించాను. టేపు వేసిన స్లైడ్లలో ఒక్కటైనా తప్పు తేలాలని చూశాను. కుదరలేదు. గొళ్ళెం బయటే ఉంది.”

నా భార్య నా మోచేతిని గట్టిగా పట్టుకున్నది.

ఇంజినీరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నా వంతెనల్ని కూడా ఇలాంటివాడే తనిఖీ చేస్తే బాగుండును” అని పక్కాయనతో అన్నది. అటుపైన ప్రశ్నలు లేవు. సంఘం సభ్యులు కాసేపు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. అధ్యక్షుడు పెద్ద మేడమ్ వైపు చూసి, కొనసాగించవచ్చునన్నట్టు తల ఊపాడు.

మేడమ్ లేచారు. “మూతల మీద తెలుగు రాయాలన్న నియమం నాది” అన్నారు. “నియమం అలాగే ఉంటుంది. ఇక నుంచి రాట్‌ని ఎలుక అనీ, మౌస్‌ని...” ఆవిడ ఆగి, “ఏమనాలి?” అని సభను అడిగారు.

“చిట్టెలుక” అన్నాను నేను.

“చుంచు” అన్నది నా భార్య, అదే క్షణంలో, నాకంటే బిగ్గరగా.

“చుంచు. మూత మీద పట్టాలి కదా” అని మేడమ్ తీర్పు ఇచ్చారు. పొట్టిదనం తప్ప ఆ తీర్పుకు మరే ఆధారమూ లేదని నా నిశ్చితాభిప్రాయం. తర్వాత ఆవిడ మా పిల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “ఆపేస్తున్నామని నేనైతే ఎవరికీ చెప్పలేదు. నువ్వెవరికైనా చెప్పావా?” అని అడిగారు.

“మా తాతయ్యకీ అమ్మమ్మకీ చెప్పాను మేడమ్. నాలుగైదుసార్లు.”

“వాళ్ళని మర్చిపొమ్మను” అని ఆవిడ నా వైపు ఒక చిరునవ్వు పారేసి వెళ్ళిపోయారు.

సమావేశం ముగిసి అందరూ నడవలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డారు. భాండాగారం తన కొత్త క్షవరంతో వచ్చి, “అమ్మా, నా వల్లే కదా?” అంటే, మా పిల్ల, “కాదన్నా, మనిద్దరి వల్లా” అని అతడి చేతిలో ఒక టీ పెట్టింది. సందేహం స్తంభానికి ఆనుకుని ఒంటరిగా తాగుతున్నాడు. ఆమె వెళ్ళి, “వారానికి రెండు సాయంత్రాలు మీవి” అన్నది. “మూడు” అన్నాడు అతడు. బేరం ఇంకా నడుస్తుండగానే నా భార్య మా పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

“ఇంక ఇంటికి పోదాం పదవే. మూడు రోజుల నుంచి సరిగ్గా తిన్నది లేదు.”

“మీరు పదండి అమ్మమ్మా. కణాలకి మేత మార్చాలి. పొద్దున్నే మార్చాల్సింది, ఆపేస్తారేమో అని మార్చలేదు. వాటికి ఆకలేస్తూ ఉంటుంది.”

కోటు తొడుక్కుంటూ మెట్లు ఎక్కి వెళ్ళిపోయింది. మేము కింద బల్ల మీద కూర్చున్నాం, ఆమె వచ్చేదాకా.